ఘాజీ మునక వెనుక గూఢచారి ఎవరు?

పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిన కథను మన ప్రేక్షకులు ఏడాదిన్నర లోపే రెండు సినిమాల్లో చూశారు. 2017 ఫిబ్రవరిలో వచ్చిన సంకల్ప్ రెడ్డి ‘ఘాజీ’లో దాన్ని ముంచింది ఎస్-21 అనే భారత జలాంతర్గామి. 2018 మే నెలలో వచ్చిన మేఘనా గుల్జార్ హిందీ సినిమా ‘రాజీ’లో ఆ ఘనత సెహ్‌మత్ అనే కశ్మీరీ కాలేజీ అమ్మాయిది. పాకిస్తాన్ సైనికాధికారుల ఇంటికి కోడలిగా వెళ్లి, అక్కడి రహస్యాలు ఢిల్లీకి చేరవేసి, విక్రాంత్ నౌకను కాపాడుతుంది. రెండు సినిమాలూ 1971 యుద్ధంలోని నిజ ఘటనలను ఆధారం చేసుకున్నామని చెప్పినవే. అందుకే ‘రాజీ’ చూసి బయటికొచ్చిన చాలామందికి ఒకటే అనుమానం: ఇంతకీ ఘాజీని ముంచింది జలాంతర్గామా, పెళ్లికూతురా?

నౌకాదళ చరిత్ర చెప్పే కథ ఈ రెండింటికీ వేరు. అందులో గూఢచారులు ఉన్నారు, వాళ్ల పాత్ర చాలా కీలకం కూడా. కానీ వాళ్లు ఉన్నది మనం అనుకునే వైపు కాదు.

ముందు ఘాజీ అసలు బంగాళాఖాతంలోకి ఎందుకు రావాల్సి వచ్చిందో చూడాలి. అప్పటికి పాకిస్తాన్ రెండు ముక్కలుగా ఉండేది. తూర్పు పాకిస్తాన్‌కు, అంటే నేటి బంగ్లాదేశ్‌కు, పశ్చిమం నుంచి సైన్యం, సరుకులు చేరాలంటే భారత్‌ను చుట్టి సముద్రం మీదుగా రావాలి. యుద్ధం వస్తే ఆ దారిని మూసేయగల నౌక మన దగ్గర ఒక్కటే ఉంది, విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్. దాన్ని ముందే దెబ్బతీస్తే తూర్పు తీరంలో భారత నౌకాదళానికి చేతులు విరిగినట్టే.

ఆ పని చేయడానికి పాకిస్తాన్‌కూ ఒక్కటే సాధనం ఉంది. ఫ్రాన్స్ నుంచి తెచ్చుకున్న మూడు డాఫ్నే తరగతి జలాంతర్గాములు కొత్తవే అయినా అంత దూరం వెళ్లి, రోజుల తరబడి కాపు కాసి, తిరిగి రాగల స్తోమత వాటికి లేదు. ఘాజీ మాత్రం రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికా కట్టుకున్న ‘డయాబ్లో’. 1963లో అద్దె ఒప్పందం మీద పాకిస్తాన్‌కు దక్కింది. పసిఫిక్ మహాసముద్రం లాంటి దూరాలకోసం తయారైన ఓడ కాబట్టి ఒకసారి ఇంధనం నింపుకుంటే 11,000 నాటికల్ మైళ్లు తిరగగలదు. సముద్రంలో మైన్లు, అంటే నీళ్లలో పొంచి ఉండి ఓడలను పేల్చే బాంబులు, పరిచే ఏర్పాటు కూడా ఉంది. వయసు మీద పడిన నౌకే అయినా, ఆ ప్రయాణానికి వేరే దిక్కు లేదు. 1971 నవంబర్ 14న కరాచీలో బయలుదేరి శ్రీలంకను చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చింది.

మరి విక్రాంత్ పరిస్థితి? బాయిలర్‌లో పగుళ్లు ఉండటంతో పూర్తి ఆవిరి పీడనం మీద నడపలేని స్థితి. విమానవాహక నౌకకు వేగమే ప్రాణం. గాలికి ఎదురుగా వేగంగా వెళ్తేనే విమానాలు సాఫీగా లేస్తాయి, జలాంతర్గామి నుంచి తప్పించుకోవాలన్నా వేగమే కావాలి. కుంటుతున్న ఓడను పోరాటానికి దింపాలంటే దాన్ని శత్రువు కంటపడకుండా దాచడం తప్పనిసరి. సినిమాల్లో ఈ బాయిలర్ సంగతి పెద్దగా కనిపించదు గానీ, ఘాజీ కథలోని టెన్షన్ అంతా దాని నుంచే పుట్టింది.

ఇక అసలు ప్రశ్న. ఘాజీ మన సముద్రంలోకి వచ్చిందని మనవాళ్లకు ఎలా తెలిసింది?

‘రాజీ’ ప్రకారం సెహ్‌మత్ మామగారి ఇంట్లో దొరికిన కాగితాలు, చెవిన పడిన మాటలు ఢిల్లీకి చేరితే, అక్కడ వాటిని కలిపి చూసి లక్ష్యం విక్రాంత్ అని తేల్చుకుంటారు. నౌకాదళం అధికారిక చరిత్రలో నమోదైన ఆధారం ఇంకొకటి. పాకిస్తాన్ నౌకాదళం తూర్పు పాకిస్తాన్ రేవు పట్టణం చిట్టగాంగ్‌కు పంపిన ఒక వైర్‌లెస్ సందేశాన్ని మనవాళ్లు పట్టుకున్నారు. అందులో దాడి ఊసు లేదు, ఘాజీ పేరు లేదు. ఒక రకం లూబ్రికేషన్ ఆయిల్ గురించి వాకబు మాత్రమే ఉంది. ఆ రకం నూనెను వాడేది జలాంతర్గాములు, మైన్లు ఏరివేసే నౌకలు మాత్రమే. చిట్టగాంగ్‌లో పాకిస్తాన్‌కు ఆ రెండూ లేవు. లేని ఓడకు నూనె ఎందుకు అడుగుతున్నారు? అంటే ఒక జలాంతర్గామి ఇటు వస్తోంది. ఇంత దూరం రాగలిగినది ఒక్కటే కాబట్టి అది ఘాజీయే.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే అద్భుతంగా తోచేది ఈ నూనె సంగతే. సందేశం విన్న ఆపరేటర్‌కు అది మామూలు స్టోర్స్ వ్యవహారంలా అనిపించి పక్కన పడేసి ఉండవచ్చు. ఆ నూనె ఏయే యంత్రాల్లో వాడతారో తెలిసిన ఇంజనీరు ఒకరు, చిట్టగాంగ్‌లో ఏయే ఓడలున్నాయో తెలిసినవారు ఒకరు, పాకిస్తాన్ జలాంతర్గాముల్లో దేనికి ఎంత దూరం వెళ్లే శక్తి ఉందో తెలిసినవారు ఇంకొకరు. వీళ్లందరి జ్ఞానం ఒక బల్ల దగ్గర కలిస్తేనే ఆ వాక్యానికి అర్థం వస్తుంది. నిఘా విభాగాల్లో రోజూ జరిగే పని ఇదే. దీన్ని తెరమీద రెండున్నర గంటలు చూపించడం కష్టం. ఫైళ్లు తిరగేసే మనుషుల కంటే గది తలుపు దగ్గర చెవి ఒగ్గి నిలబడ్డ అమ్మాయి ప్రేక్షకుడి గుండెను వేగంగా కొట్టుకునేలా చేస్తుంది. సినిమా ఆ దారి ఎంచుకోవడం నాకు తప్పుగా అనిపించదు. కానీ గూఢచర్యం అంటే అదొక్కటే అనుకుంటే ఆ నూనె గుట్టు విప్పినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

ఘాజీ వస్తోందని తెలిశాక తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ వేసిన ఎత్తు ఈ కథకు కేంద్రం. విక్రాంత్‌ను అండమాన్ ఉత్తర కొసన ఉన్న పోర్ట్ కార్న్‌వాలిస్‌కు పంపించేశారు. విశాఖకు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. విశాఖలో మాత్రం విక్రాంత్ అక్కడే ఉందన్న భ్రమ కల్పించారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత డిస్ట్రాయర్ రకం యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌ను సముద్రంలోకి పంపి, విమానవాహక నౌక స్థాయిలో వైర్‌లెస్ సందేశాలు పంపించారు. దూరం నుంచి వినేవాళ్లకు పెద్ద నౌక ఏదో అక్కడ తిరుగుతోందనే అనిపిస్తుంది.

అంతటితో ఆగలేదు. వందల మంది సిబ్బంది ఉన్న నౌకకు సరిపడా మాంసం, కూరగాయలు, సరుకులు విశాఖలో ఆర్డర్ పెట్టారు. విక్రాంత్‌లో పనిచేస్తున్న ఒక నావికుడు, జబ్బుపడ్డ తల్లి క్షేమం కోసం ఆరా తీస్తున్నట్టు ఒక ప్రైవేటు టెలిగ్రాం, సంకేత భాష ఏదీ లేకుండా, ఎవరైనా చదివేలా పంపించారు. యుద్ధం ముంగిట నౌకల జాడ బయటపెట్టడం ఘోరమైన తప్పు. ఆ తప్పునే కావాలని చేశారు.

ఎవరి కోసం? విశాఖలో శత్రువుకు సమాచారం పంపే కళ్లు, చెవులు ఉంటాయని కృష్ణన్ లెక్క వేసుకున్నారు. మార్కెట్లో అంత సరుకు ఎవరికి వెళ్తోందో గమనించే మనిషి ఎవరో ఒకరు ఉంటారు, రేవు దగ్గర మాటలు పోగేసే మనిషి ఇంకొకరు ఉంటారు. అలాంటివారిని పట్టుకుంటే ఒక గూఢచారి తగ్గుతాడు, అంతే. వదిలేసి, వాళ్ల చేతే అబద్ధాన్ని కరాచీకి మోయిస్తే శత్రువు జలాంతర్గామి మనం కోరుకున్న చోటికి వస్తుంది. విమానవాహక నౌక విశాఖ రేవులో ఉందన్న నిఘా సమాచారంతో కరాచీ ఘాజీని అటు వెళ్లమని ఆదేశించిందని కృష్ణన్ తర్వాత రాశారు. ఆ మాట ప్రకారం ఘాజీని విశాఖ ముంగిటికి లాక్కొచ్చిన గూఢచారులు పాకిస్తాన్ వాళ్లే. తాము మోస్తున్నది నిజమేనని నమ్మి మోశారు.

‘రాజీ’ కథను తలకిందులు చేస్తే వచ్చే కథ ఇది. సెహ్‌మత్ పంపిన ప్రతి మాటా నిజం, ఢిల్లీ ప్రతి మాటా నమ్మింది, అందుకే గెలిచింది. విశాఖ నుంచి వెళ్లిన మాట అబద్ధం, కరాచీ నమ్మింది, అందుకే ఓడింది. గూఢచారి ఎంత ధైర్యవంతుడైనా, అతని మాటను ఇంకో ఆధారంతో సరిచూడకపోతే ఆ ధైర్యమే తన దేశానికి ఉరితాడు అవుతుంది. చిట్టగాంగ్ నూనె విషయంలో మనవాళ్లు సరిచూశారు. విక్రాంత్ విషయంలో అవతలివాళ్లకు ఆ అవకాశం దక్కలేదు. వైర్‌లెస్ చెప్పింది, బజారు చెప్పింది, టెలిగ్రాం చెప్పింది. మూడూ ఒకే చోట నుంచి పుట్టినవని వాళ్లకు తెలియదు.

1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ వైమానిక దళం మన విమానాశ్రయాలపై దాడి చేయడంతో యుద్ధం మొదలైంది. ఆ అర్ధరాత్రి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ విశాఖ రేవు దాటింది. ముందు నీళ్లలో ఏదో కలకలం కనిపించిందని కాపలా నావికుడు చెప్పగానే నీళ్లలో లోతుకు దిగి పేలే రెండు డెప్త్ చార్జీలు వదిలారు. కొద్దిసేపటికి భారీ పేలుడు. తీరంలో ఇళ్ల కిటికీ అద్దాలు అదిరాయి. తర్వాత మత్స్యకారులకు తేలుతున్న వస్తువులు దొరికాయి, గజ ఈతగాళ్లు దిగి అడుగున ఉన్నది ఘాజీయేనని తేల్చారు. లోపల ఉన్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు.

డెప్త్ చార్జీలే ముంచాయా? మన అధికారిక కథనం ఘనతను రాజ్‌పుత్‌కు ఇస్తుంది. తాను పరిచిన మైన్ల వల్లనో లోపలి ప్రమాదం వల్లనో ఘాజీ పేలిపోయిందని పాకిస్తాన్ చెబుతుంది. ముందు భాగం లోపలి నుంచి బయటికి విచ్చుకున్నట్టు ఉండటం వల్ల లోపలే పేలుడు జరిగిందనే వాదనకు బలం ఉంది. బ్యాటరీలు చార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలిలో అది 4 శాతం దాటితే చిన్న నిప్పురవ్వ చాలు. ఈ కోణాన్ని నౌకాదళంలో పనిచేసినవారిలోనూ కొందరు ఒప్పుకుంటారు. నా దృష్టిలో ఈ వాదన ఎటు తేలినా కృష్ణన్ ఎత్తు విలువ తగ్గదు. విక్రాంత్ లేని చోట ఘాజీ విక్రాంత్ కోసం వెతికింది, అదే సమయంలో విక్రాంత్ విమానాలు డిసెంబర్ 4న కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లపై దాడి చేశాయి. ‘ఘాజీ’ సినిమాలో చూపించిన జలాంతర్గాముల పోరు మాత్రం పూర్తిగా కల్పన, సినిమా బృందం కూడా దాన్ని కల్పనగానే చెప్పింది.

మళ్లీ సెహ్‌మత్ దగ్గరికి వద్దాం. ‘రాజీ’కి మూలం నౌకాదళ మాజీ అధికారి హరీందర్ సిక్కా 2008లో తెచ్చిన ఆంగ్ల నవల. నిజంగా బతికిన ఒక మహిళ జీవితం ఆధారంగా రాశానని ఆయన చెబుతారు, ఆమె అసలు పేరు మాత్రం బయటపెట్టలేదు. 1968లో ఆర్.ఎన్. కావ్ నాయకత్వంలో ఏర్పడిన మన విదేశీ గూఢచర్య సంస్థ రా తన మనుషుల గురించి నోరు విప్పదు. కాబట్టి సెహ్‌మత్ కథ రచయిత మాట మీద నిలబడినది. అలాంటి మహిళ ఉండి ఉండవచ్చు, ఆమె పంపిన సమాచారం యుద్ధంలో ఎక్కడో ఉపయోగపడి ఉండవచ్చు. విక్రాంత్‌ను ఆమె ఒక్కతే కాపాడిందన్న ముక్క మాత్రం పైన చెప్పుకున్న రికార్డుతో పొసగదు. ఇంకో చిన్న ఇబ్బంది కూడా ఉంది. సెహ్‌మత్ మెట్టినిల్లు ఆర్మీ అధికారులది. జలాంతర్గామి పథకం నౌకాదళానిది. ఒక దళం తన అత్యంత రహస్యమైన వేటను ఇంకో దళం అధికారి ఇంటికి వచ్చే కాగితాల్లో ఉంచడం కథలో నాకు బలహీనంగా తోచిన ముడి.

ఆమె బాత్‌రూంలో కూర్చుని మోర్స్ సంకేతాలు పంపే సన్నివేశాలు చాలామందికి గుర్తుండిపోయాయి. అవి ఎంత ప్రమాదకరమో సినిమా చెప్పినదానికంటే ఎక్కువే చెప్పాలి. సందేశాన్ని రహస్య లిపిలోకి మార్చినా, పంపుతున్న రేడియో తరంగాన్ని దాచలేరు. వేర్వేరు చోట్ల దిశను పసిగట్టే యాంటెన్నాలు పెట్టి, అవి చూపిన గీతలు కలిసే చోటును పట్టుకోవచ్చు. మాట్లాడే సమయం పెరిగేకొద్దీ, ఒకే వేళకు పంపేకొద్దీ ఆ వల బిగుస్తుంది. ఇజ్రాయెల్ గూఢచారి ఎలీ కోహెన్ సిరియాలో సంపన్న వ్యాపారిగా ఉన్నత వర్గాల్లో ఎంతో ఎత్తుకు ఎదిగాడు. 1965 జనవరిలో సోవియట్ పరికరాల సాయంతో అతని ప్రసారాల చోటు కనిపెట్టి, ఇంట్లోనే పట్టుకున్నారు. అదే ఏడాది మే 18న డమాస్కస్ నడిబొడ్డున ఉరి తీశారు. సెహ్‌మత్ కథ జరిగే కాలానికి ఆరేళ్ల ముందు మాట. కంటోన్మెంట్ మధ్యలో, సైనికాధికారి ఇంట్లో ట్రాన్స్‌మిటర్ పెట్టుకోవడం అంటే ప్రతి నిమిషం ప్రాణంతో లెక్క చూసుకోవడమే.

పట్టుబడితే ఏమవుతుందన్నది చాలామందికి స్పష్టంగా తెలియని విషయం. రాయబార కార్యాలయంలో దౌత్యవేత్త ముసుగులో పనిచేసే వ్యక్తి దొరికితే, 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం దేశం విడిచి వెళ్లమనడమే శిక్ష. సెహ్‌మత్ లాంటివారికి ఆ గొడుగు లేదు. యుద్ధ నియమాలపై దేశాలు చేసుకున్న 1907 హేగ్ నిబంధనల్లో 24వది యుద్ధతంత్రంగా శత్రువును మోసం చేయడాన్ని అనుమతిస్తుంది. రాజ్‌పుత్ విక్రాంత్‌లా నటించడం, దొంగ టెలిగ్రాం పంపడం ఈ కోవలోకే వస్తాయి. అదే నిబంధనల్లో 29వది వేషం మార్చి, అబద్ధపు గుర్తింపుతో యుద్ధ ప్రాంతంలో సమాచారం సేకరించేవారిని గూఢచారులు అంటుంది. పట్టుబడ్డ సైనికుడికి దక్కే యుద్ధఖైదీ హోదా వారికి ఉండదు. విచారణ లేకుండా శిక్షించకూడదన్న ఒక్క రక్షణ మాత్రం 30వది ఇస్తుంది. పంపించిన దేశానికి గూఢచర్యం నేరం కాదు, దొరికిన మనిషికి మాత్రం ఉరి. ఒకే యుద్ధంలో, ఒకే రకం మోసానికి యూనిఫాం వేసుకున్నవారికి పతకం, వేసుకోనివారికి ఉరికంబం. ఇంకో సంగతి ఏమిటంటే, గూఢచారులను శిక్షించడానికి భారత్, పాకిస్తాన్ రెండింటికీ బ్రిటిష్ వారి నుంచి వచ్చిన చట్టం ఒకటే, 1923 నాటి అధికార రహస్యాల చట్టం.

ఈ నేపథ్యం తెలిశాక ‘రాజీ’ చివరి అరగంట వేరేగా కనిపిస్తుంది. సినిమా చూడనివారు ఇక్కడ ఆగి, చూశాక మిగతాది చదవడం మంచిది.

సెహ్‌మత్ గుట్టు బయటపడ్డాక, ఆమెను పంపిన సంస్థ మనుషులే ఆమె శత్రువు చేతికి చిక్కకుండా ప్రాణం తీయడానికి సిద్ధపడతారు. అందుకోసం వాళ్లు జరిపిన పేలుడులో భర్త ఇక్బాల్ చనిపోతాడు. ఆమె ప్రాణాలతో బయటపడి, తనను తయారుచేసిన ఖాలిద్ మీర్ మీద విరుచుకుపడుతుంది. ఆ నిర్ణయం ప్రేక్షకుడికి క్రూరంగా తోస్తుంది. సంస్థ దృష్టిలో లెక్క వేరు. ఆమె నోరు విప్పితే ఆమెకు సాయపడ్డవాళ్లంతా బయటపడతారు, ఆమె పంపిన సమాచారం ఏదో తెలిసిన శత్రువు వెంటనే పథకాలు మార్చేస్తాడు. ఆలియా భట్, జైదీప్ అహ్లావత్ నటనలో ఈ రెండు న్యాయాలూ ఎదురెదురుగా నిలబడతాయి. దర్శకురాలు ఏ ఒక్కదానికీ మొగ్గకపోవడం నాకు ఆ సినిమాలో ఎక్కువ నచ్చిన విషయం.

చరిత్ర రికార్డులో దొరకనిది, ఈ సినిమాలో మాత్రమే దొరికేది ఆ ఇల్లు. ఆమె మెట్టిన సయ్యద్ కుటుంబంలో దుర్మార్గులు లేరు. మామ ప్రేమగా చూస్తాడు, తోడికోడలు అక్కలా ఉంటుంది, భర్త ఆమె మనసు కుదుటపడేదాకా ఓపిక పడతాడు. సైనికుల పిల్లలకు ఆమె నేర్పే దేశభక్తి పాటను వాళ్లు తమ దేశం కోసం, ఆమె తన దేశం కోసం నిజాయితీగానే పాడతారు. అలాంటి ఇంట్లో నమ్మకస్తుడైన ముసలి పనిమనిషి అబ్దుల్‌ను ఆమె వాహనంతో తొక్కించాల్సి వస్తుంది, బావగారు మెహబూబ్‌ను విషంతో చంపాల్సి వస్తుంది. ఆ తర్వాత ఆమె వణుకు, ఏడుపు చూస్తే దేశం కోసం చేసిన పని కాబట్టి బరువు తగ్గుతుందనే భ్రమ ఎవరికీ మిగలదు. శత్రువు ఇల్లు మన ఇల్లు లాంటిదేనని చూపిస్తూనే యుద్ధ సినిమా తీయడం అరుదు. ఇందుకోసం చూడాలి ‘రాజీ’ని. విక్రాంత్ ఎలా బతికిందో తెలుసుకోవాలంటే మాత్రం ఆ వైర్‌లెస్ గదులు, విశాఖ మార్కెట్లో పెట్టిన ఆ పెద్ద ఆర్డర్లు, పోర్ట్ కార్న్‌వాలిస్ రేవు వైపు చూడాలి.